వెళ్ళొస్తానని చెప్పని అభ్యర్థి

పొద్దున్నే వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని, అటునుంచి చిల్లకల్లులో నాలుగిళ్ళు తిరిగి ఓట్లడిగి, మధ్యాహ్నం భోజనానికి జగ్గయ్యపేట చేరాలని వెంకటకృష్ణారావు అనుకున్నాడు. భార్య భారతీదేవి కుంకుమ భరిణె పట్టుకుని జీపెక్కింది. ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఓటడగడం ఆమె వంతు. అసెంబ్లీ టికెట్టు కోసం ఆయన ఇరవై ఏళ్ళు ఎదురుచూశాడు. ఈసారి ఓడితే మళ్ళీ ఇచ్చేది లేదని పార్టీవాళ్ళు మొహం మీదే చెప్పారు.

ఆయన రాజకీయమంతా చావు ఇళ్ళలోనే పెరిగింది. ఉపన్యాసమంటే నాలుగు మాటలకే గొంతు ఎండిపోయేది. కానీ చుట్టుపక్కల ఎవరు పోయినా, పాడె కట్టకముందే ఆయన సైకిలు ఆ గుమ్మంలో ఉండేది. సొంత మనిషి పోయినట్టు ఏడ్చేవాడు. కాఫీ ముట్టేవాడు కాదు. లేచేటప్పుడు, ఆ ఇంటికి మళ్ళీ అలాంటి పనిమీద రాకూడదని, వెళ్ళొస్తానని చెప్పకుండా తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. అలా ఏడ్చి ఏడ్చి వార్డు మెంబరయ్యాడు, సర్పంచయ్యాడు, సమితి ప్రెసిడెంటయ్యాడు. సైకిలు పోయి జీపు వచ్చింది.

చిల్లకల్లులో ఆ జీపు ఆగగానే, నూతి దగ్గరున్న రత్తమ్మ చేద వదిలేసింది.

"ఎవురు పోయారు బాబూ?"

"ఎవరూ పోలేదమ్మా. ఓటు కోసం వచ్చా."

రత్తమ్మ నమ్మలేదు. ఆమె మొగుడు దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. డాక్టరు తమకు చెప్పని సంగతేదో ఈయనకు చెప్పి ఉంటాడనుకుని అక్కడే కూలబడి శోకాలు మొదలెట్టింది. వీధంతా పోగైంది. ఆ గోలకు ముసలాయన కర్ర పట్టుకుని బయటికొచ్చి, ఏడుస్తున్న పెళ్ళాన్నీ పక్కన నిలబడ్డ వెంకటకృష్ణారావునీ చూసి, తన సంగతేనని గ్రహించి గోడకు జారబడ్డాడు. ఎదుటివాళ్ళు ఏడిస్తే ఆగలేని మనిషి కావడాన ఈయనా కూర్చుని ఏడ్చాడు. ఎవరో కాఫీ తెస్తే చేత్తో తోసేశాడు. చివరికి లేచి, అలవాటు చొప్పున మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దాంతో ఊరికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

జీపులో భారతీదేవి భరిణె మూత బిగించింది. తర్వాత మెల్లగా అంది.

"ఓటడగడానికెళ్ళి పరామర్శ చేసొచ్చారు. ఇకనుంచి ఇంట్లోకి నవ్వుతూ వెళ్ళండి. కాఫీ అడిగి మరీ తాగండి. లేచేటప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తానని చెప్పండి."

పేట చేరేదాకా ఆయన ఆ మాటల్నే డ్రైవరు సాంబయ్య వీపుకు అప్పజెబుతూ కూర్చున్నాడు.

భోజనం రామకోటేశ్వరరావు ఇంట్లో. పేటలో సగం కొట్లవాళ్ళు ఆయన మాట మీద ఓటేస్తారు. ఇంటిముందు జనాన్ని చూసి, తనకోసమేననుకుని వెంకటకృష్ణారావు నవ్వుతూ లోపలికి నడిచాడు. ముందు కాస్త కాఫీ ఇప్పించమన్నాడు. ఆ ఇంట్లో పొద్దుటినుంచి పొయ్యి వెలగలేదు. రామకోటేశ్వరరావు తల్లి తెల్లవారుజామున పోయింది. వేదాద్రిలో ఉన్నవాళ్ళకు కబురందలేదు.

భారతీదేవి భరిణెను కొంగు కింద దాచుకుంది. ఆయన ఏడవబోయాడు గానీ ఉన్న కన్నీళ్ళన్నీ చిల్లకల్లులోనే అయిపోయాయి. ఎలాగో కాసేపు కూర్చుని, లేచి, చేతులు జోడించాడు.

"వస్తానండి. ఇక మీ ఇంటికి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటా."

రామకోటేశ్వరరావు వసారాలో కూర్చున్న ముసలి బాబాయిల వంక చూశాడు. వాళ్ళు నేల చూపులు చూశారు.

సాయంత్రానికి ఆ మాట నందిగామ దాకా పాకింది. మర్నాటినుంచి జీపు చప్పుడు వింటే వీధులు తలుపులు మూసుకున్నాయి. ప్రత్యర్థి ప్రచారం మానేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. పోలింగు ముందురోజు వెంకటకృష్ణారావు పీటమీద అన్నం కలిపి, తినకుండా ఉండిపోయాడు.

"అవి దొంగ ఏడుపులు కావు భారతీ," అన్నాడు.

"నాకు తెలుసండి," అంది ఆమె.

ఓట్లు లెక్కపెట్టారు. ఆ ప్రాంతంలో అంత మెజారిటీ అంతకుముందు ఎవరికీ రాలేదు. గెలిచింది వెంకటకృష్ణారావే.

భారతీదేవికి ఇది ఎంతకూ అర్థం కాలేదు. ఒకరోజు పేట సంతలో రత్తమ్మ కనిపిస్తే ఆపి అడిగింది.

"ఓడిపోతే బాబుగారు ఇక్కడే తిరుగుతుంటారు గదమ్మా. గెలిస్తే హైదరాబాదు పోతారు," అంది రత్తమ్మ. "మా ముసలాయన్ని మంచంతో మోసుకెళ్ళి మరీ ఓటేయించాం."

భారతీదేవి ఆ మాట భర్తకు చెప్పలేదు. తర్వాత ఐదేళ్ళలో, ఎమ్మెల్యేగారు నియోజకవర్గం మొహం చూడటం లేదని ఒక్కరంటే ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.