నక్కగారు వేయించిన దిబ్బలు

ఒక పెద్ద అడవిలో జరిగిందిది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా పళ్ళన్నీ ఈ క్షణమే రాలిపోవాలి. ఉన్నవి రెండే అనుకో, అయినా ఒట్టు ఒట్టే కదా.

ఆ అడవిలో గంగులు అనే అడవిదున్న ఉండేవాడు. కింద వాగులో పీపా నింపుకుని, బండి కట్టుకుని, అడవి రోడ్డంతా దాటి, కొండమీదున్న కొండపేటకి నీళ్ళు చేరవెయ్యడం అతని పని. కొండపేట అంతా రాయి. ఎంత వాన పడినా చుక్క నిలవదు. గంగులు బండి రాకపోతే అక్కడి పిల్లా పెద్దా నాలుక తడుపుకోవడానికి కూడా ఉండదు.

కొండపేటవాళ్ళకి ఒక పట్టుదల ఉంది. పీపాకి మూత ఉండకూడదు. మూత ఉంటే లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయో లేదో ఎవరు చూడొచ్చారు? అందుకని మూత లేకుండా, అంచుదాకా నిండుగా, తళతళలాడుతూ రావాలి. గంగులు ఏనాడూ చుక్క ఒలకనివ్వలేదు. అతను నడుస్తుంటే పీపాలో చంద్రుడు కూడా కదిలేవాడు కాదు, పగటిపూట కూడా.

ఆ రోడ్డు మీద కుందేళ్ళ కుర్రాళ్ళు పడ్డారు. అబ్బ, ఏం పరుగులు! వాళ్ళు పొద్దున్న వెళితే వాళ్ళ నీడలు సాయంత్రానికి వెళ్ళేవి. దానికి తోడు నోట్లో కొమ్ముబూరలు. ఒక్కటి ఊదితే పిందె పనసకాయలు కూడా పండి రాలేవి.

వీధి సంఘం అధ్యక్షుడు భల్లంరావు అనే ఎలుగుబంటి. మధ్యాహ్నం నిద్రకి పుట్టినవాడు. బూరల మోత భరించలేక ఒకరోజు దుప్పటి కప్పుకునే, అడవి సభ మెంబరు జంబులింగం దగ్గరికి వెళ్ళాడు. జంబులింగం ఏ జంతువో నేను చెప్పక్కర్లేదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, మెంబరు, తీయగా మాట్లాడతాడు అంటే నక్క కాక ఇంకెవరవుతారు?

"మెంబరుగారూ, కన్ను మూతపడితే ఒట్టు! ఆ వెధవల్ని పట్టుకుని నాలుగు తగిలించండి."

"ఛ, వాళ్ళకీ ఓట్లున్నాయి భల్లంరావుగారూ," అన్నాడు జంబులింగం. "మీ ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా ఒక దిబ్బ వేయిస్తాను. కుందేళ్ళు ఝామ్మని రాగానే టక్కున ఆగుతాయి. మీరు హాయిగా గుర్రు పెట్టండి."

మట్టి దిబ్బ వచ్చింది. తీగకి పువ్వులు కట్టి, అది తెంపి, చప్పట్లు కొట్టి ప్రారంభోత్సవం కూడా అయ్యింది.

మర్నాడే చిత్రాంగి అనే నెమలి మెంబరు గుమ్మంలో పురి విప్పి నిలబడింది.

"ఏమండీ, ఆ బొచ్చు మనిషికి దిబ్బా? మా ఇల్లు దారిన పోయేవాళ్ళకి కనబడదనుకున్నారా? మాకు వేస్తే ఆయనదానికంటే ఎత్తు వెయ్యండి. లేకపోతే మా కులం ఓట్లన్నీ అవతలివాడికే!"

చిత్రాంగికి వేశాక అడవిపందికి, అడవిపందికి వేశాక ముళ్ళపందికి. ఇంటి ముందు దిబ్బ లేనివాళ్ళకి పిల్లనివ్వడం మానేశారు. ఉన్నవాళ్ళు పొద్దున్నే లేచి, పక్కింటి దిబ్బ ఎత్తు కొలిచి, తమదాని మీద రెండు తట్టల మట్టి పోసుకునేవారు. చిత్రాంగి దిబ్బ పైకెక్కితే మబ్బు ముక్కుకి తగిలి తుమ్మొచ్చేదంటే చూసుకో.

మరి కుందేళ్ళు ఆగాయా? ఆగడమా! వాటికి పండగ. దిబ్బ మీదినుంచి దిబ్బ మీదికి గెంతడం, గెంతినప్పుడల్లా గాల్లో ఒకసారి బూర ఊదడం. భల్లంరావు దిబ్బ అన్నిటికంటే మొదటిది కదా, బారులు తీరి అక్కడే మొదలుపెట్టేవి.

ఏడుపంతా గంగులుదే. దిబ్బ ఎక్కితే వెనకనుంచి ఒలికేవి, దిగితే ముందునుంచి ఒలికేవి. కొండపేట చేరేసరికి పీపా అడుగున ఒక కప్ప, దానికి సరిపడా తడి.

కొండపేటలో సింగారి అనే లేడి అప్పుడే ఈనింది. కడవ పట్టుకుని వచ్చి పీపాలోకి తొంగిచూసింది.

"ఇదేంటి గంగులన్నా? పసిబిడ్డ పాలకి ఏడుస్తోంది. నేను తాగితే కదా దానికి పాలు!"

"నేనేం చెయ్యనమ్మా? రోడ్డు మీద దిబ్బలు కావు, కొండలున్నాయి."

"దిబ్బల సంగతి మాకెందుకు?" అని వెనకనుంచి ముసలి కొండమేక గొంతు చించుకుంది. "వచ్చే సంతరోజుకి పీపా నిండుగా రాకపోతే బండి కంచరగాడిదకి ఇచ్చేస్తాం. అంతే!"

గంగులు లెక్కేసుకున్నాడు. బండి పోతే తనకి తిండి పోతుంది, సరే. ఆ కంచరగాడిద వారానికొకసారి మనసుపుడితే వచ్చే రకం. సింగారి బిడ్డ అన్నాళ్ళు ఆగుతుందా?

నేరుగా జంబులింగం దగ్గరికెళ్ళి చేతులు జోడించాడు. దున్నకి చేతులెక్కడివని అడగకు, జోడించాడు.

"దిబ్బలు తీయించండి బాబూ. కొండమీద పసికందు చచ్చేలా ఉంది."

"అయ్యయ్యో!" అని నక్క కళ్ళు తుడుచుకున్నాడు. "కానీ ఇచ్చిన దిబ్బ వెనక్కి తీసుకుంటే పరువు తక్కువ కదయ్యా, వాళ్ళకీ నాకూ. అసలు బాధ దిబ్బలతో కాదు గంగులూ, వాటి మధ్య పల్లాలతో. పల్లాలు పూడ్పించేస్తే?"

గంగులు మొహం విప్పారింది. "నున్నగా అయిపోతుంది బాబూ!"

"చూశావా? ఎవరి దిబ్బా తియ్యలేదు, ఎవరి మనసూ నొప్పించలేదు. పరిపాలనంటే అదీ!"

అన్ని దిబ్బల కంటే ఎత్తయినది చిత్రాంగిది కనక, రోడ్డంతా ఆ ఎత్తుకి మట్టితో నింపేశారు. సంతరోజుకి ముందురోజు పని పూర్తయ్యింది. అద్దంలాంటి రోడ్డు! ఒక్క చిన్న ఇబ్బంది. రోడ్డు పైన, ఇళ్ళు కింద. గుమ్మంలోంచి రోడ్డెక్కాలంటే నిచ్చెన కావాలి. భల్లంరావు మంచం మీద పడుకుని పైకి చూస్తే దారిన పోయేవాళ్ళ పాదాలు కనబడేవి.

సంతరోజు పొద్దున్నే గంగులు బండి కట్టాడు. కట్టాడో లేదో, వాన! చినుకులా అవి? ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. వాగు ఉరకలెత్తి గట్టు మింగేసింది. దగ్గరికి పోతే బండితో సహా గంగులుని మింగేలా ఉంది. ఖాళీ పీపాతో నడిరోడ్డు మీద నిలబడిపోయాడు పాపం. చుట్టూ నీళ్ళే, గుమ్మడికాయంత చినుకులు పీపా అంచుకి కొట్టుకుని బయటే పడుతుంటే లోపల చెంబుడు కూడా చేరలేదు.

అప్పుడు వినబడింది కిందనుంచి కేక.

"గంగులూ! ఓ గంగులూ! కాపాడవయ్యా!"

రోడ్డు మీద పడ్డ వానంతా రెండువైపులా ఇళ్ళల్లోకి దిగుతోంది. అందరికంటే పల్లంలో ఉన్నది మెంబరుగారి ఇల్లు. జంబులింగం మంచం మీద, మంచం నీళ్ళ మీద, నీళ్ళు దూలం దాకా!

"తోడు నాయనా, తోడు! ఎక్కడైనా పారబొయ్యి!"

గంగులు తన ఖాళీ పీపా వంక చూశాడు. నిచ్చెన వేసి దిగి, తోడి, పీపా అంచుదాకా నింపాడు. నున్నటి రోడ్డు మీద కొండెక్కాడు. చుక్క ఒలకలేదు.

సింగారి పరుగున వచ్చింది. "ఇవేం నీళ్ళన్నా, ఇంత ఎర్రగా?"

"మెంబరుగారి నట్టింటి నీళ్ళమ్మా."

"అబ్బో! ఆయన ఇల్లు దాటి మన దాకా వచ్చిన మొదటి సొమ్ము ఇదే," అని సింగారి కడవ నింపుకుని ఇండుపగింజ అరగదీసి కలిపింది. కాసేపటికి నీళ్ళు తేరుకున్నాయి. కడుపునిండా తాగింది. సాయంత్రానికి బిడ్డ పాలు తాగి గంతులేసింది. ముసలి కొండమేక పీపాలోకి తొంగిచూసి గడ్డం గోక్కుంది.

"బండి నీదేలే," అంది చివరికి.

"అయితే ఒక్క మాట. ఇకమీదట మూత పెట్టుకోనివ్వాలి."

"రోడ్డు అద్దంలా ఉందటగా, మూతెందుకు?"

"ఎందుకో రేపు చెబుతాను."

రేపటిదాకా అక్కర్లేకపోయింది. దిగొస్తుంటే రోడ్డు కింద జనమంతా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. పైన నున్నటి రోడ్డు మీద కుందేళ్ళు మెరుపుల్లా పోతున్నాయి. బురదంతా భల్లంరావు నెత్తిన, చిత్రాంగి పింఛం మీద.

"మెంబరుగారూ!" అని ఎలుగుబంటి గావుకేక పెట్టాడు. "రోడ్డు ఇంత నున్నగా ఉంటే ఎలాగండీ? వెంటనే ఒక దిబ్బ వెయ్యండి!"

"మొదటిది మాకే!" అంది చిత్రాంగి.

మంచం మీద తేలుతూనే జంబులింగం నమస్కారం పెట్టాడు. "తప్పకుండా! మీ మాటే నా మాట!"

గంగులు బండి తిప్పుకుని, మూత చేయించుకోవడానికి వడ్రంగిపిట్ట ఇంటివైపు వెళ్ళిపోయాడు.

ఇందులో నీతి ఏమిటంటే, ఇంటి ముందు దిబ్బ వేయించుకునేవాడు ముందుగా ఇంట్లోకి ఒక పడవ కొనుక్కోవాలి.

నవ్వింది చాలు, లే అమ్మాయ్. ఎదురింటివాళ్ళు రోడ్డు మీద దిబ్బకి సిమెంటు కలుపుతున్న చప్పుడు వినబడుతోంది. నా ఊతకర్ర తీసుకెళ్ళి దాని ఎత్తు ఎంతో కొలుచుకురా. మనదానికంటే ఒక్క అంగుళం ఎక్కువున్నా, అటునుంచి అటే మేస్త్రీని పిలుచుకురా.