నిశ్శబ్ద ప్రసూతి పురస్కారం

2017 ఆగస్టు తొమ్మిది, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. దోహాలో నలభై ఒక్క డిగ్రీల ఎండ. మబ్బు లేదు, గాలి లేదు. అబూ హమూర్‌లోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రి చల్లదనంలో జెరూషా తన తొలికాన్పు నొప్పులను దుప్పటి కొస నోట కుక్కుకుని భరిస్తోంది. ఆసుపత్రి నియమావళికి అది పూర్తిగా అనుగుణమైన పద్ధతి.

నియమావళికి కారణముంది. నిశ్శబ్ద ప్రసూతి పురస్కారం పొందిన ఆసుపత్రికి గర్భిణులు తండోపతండాలుగా వస్తారని డైరెక్టరు విద్యాసాగర్‌గారు గ్రహించారు. కనుక మంచానికొక శబ్దమాపకం బిగించారు. కేక వినబడితే ఎర్రదీపం వెలుగుతుంది. నర్సును పిలిచే గంట కూడా శబ్దమే కనుక దానిని తొలగించారు. గంట లేనందున నర్సులు రావడం తగ్గింది. నర్సులు రానందున భర్తలు అరవసాగారు. భర్తలను కార్ల దగ్గరికి సాగనంపారు. ఆ విధంగా ప్రశాంతత సంపూర్ణమైంది.

రాజోలు నుంచి వచ్చిన అత్తగారు తెరెసా పక్కనే కూర్చుని మురిసిపోతోంది.

"మా ఇంటి ఆడోళ్ళ గొంతు గోడకి కూడా వినపడదే అమ్మాయ్. ముగ్గుర్ని కన్నాను, పక్కింటోళ్ళకి తెల్లారేదాకా తెలీలేదు."

జెరూషా తల ఊపింది. తల ఊపితే దీపం వెలగదు.

అంతలో పురస్కార న్యాయనిర్ణేతలు విచ్చేశారు. విద్యాసాగర్‌గారు సరిగ్గా జెరూషా మంచం ముందే నిలబడి ఉపన్యాసం ఆరంభించారు.

"మహాశయులారా! ఈ తల్లి ముఖంలోని ప్రసన్నతను తిలకించండి. నొప్పి అనేది కేవలం క్రమశిక్షణాలోపం!"

బిడ్డ వచ్చేస్తోందని జెరూషాకు తెలుస్తూనే ఉంది. ఆమె న్యాయనిర్ణేతల వెంట వచ్చిన హెడ్ నర్సు దయమ్మ చేతిని పట్టి లాగింది. దయమ్మ దుప్పటి ఎత్తి చూసి అదిరిపడి, అలవాటు కొద్దీ గుసగుసగానే అంది.

"ఓలమ్మో, తల కనపడతంది! నోరిప్పి చెప్పొద్దా?"

"ఎర్రలైటు వెలుగుద్దనండీ..." దుప్పటి కొస పంటి కిందే ఉంచుకుని గొణిగింది జెరూషా.

"లైటు తగలెయ్య! యల్లా, కానీ కానీ, గట్టిగా ముక్కమ్మా!"

ఆడపిల్ల పుట్టింది. నీలంగా ఉంది. ఏడవలేదు.

ఇంతటి నిశ్శబ్దాన్ని ఎక్కడా చూడలేదని న్యాయనిర్ణేతలు తలలు పంకించారు. నవజాత శిశువు సైతం సంస్థ ఆశయాలను గౌరవిస్తోందని విద్యాసాగర్‌గారు గద్గదస్వరంతో వివరించారు. దయమ్మ తువ్వాలుతో పసిదాని వీపు రుద్దుతూనే ఉంది. పైకెత్తి చూసింది, మళ్ళీ రుద్దింది.

జెరూషా నోటిలోని దుప్పటిని ఉమ్మేసింది.

"ఏడవ్వే! ఏడు తల్లీ, ఏడూ!"

దీపం ఎర్రగా వెలిగింది. అది ఆరకముందే పిల్ల కేర్‌మంది. ఈసారి పక్క మంచాల దీపాలు కూడా వెలిగాయి.

తల్లి పేరిట ఒక మార్కు, బిడ్డ పేరిట ఒక మార్కు తగ్గించి పురస్కారం ప్రదానం చేశారు. కోడలి తరఫున తెరెసా అందరికీ క్షమాపణ చెప్పుకుంది.

ఏడేళ్ళ తరువాత ఆ అమ్మాయికి బడి వార్షికోత్సవంలో ఉత్తమ విద్యార్థిని బహుమతి వచ్చింది. ఏడాది పొడవునా తరగతిలో ఒక్కసారైనా నోరు విప్పలేదని టీచరు వేదికపై ప్రశంసించింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినది జెరూషా.