చారిత్రక అరుగుదల

మా వెల్లర్స్‌బర్గ్ సరస్సు పార్కులోని గుర్రాల రంగులరాట్నం పదకొండేళ్ల మరమ్మతు అనంతరం సంపూర్ణంగా పునరుద్ధరించబడినదనీ, కావున పిల్లలెవరూ దాని దరిదాపులకు రాకూడదనీ తెలియజేయడానికి పునరుద్ధరణ సంఘం కార్యదర్శిగా ఎంతో సంతోషిస్తున్నాను.

పెన్సిల్వేనియా మొత్తంలో ఇంత ఓపికగల సంఘం మరొకటి లేదు. నలభై నాలుగు కొయ్య గుర్రాలు, ఒక్కోదాని మీద ఇరవై పొరల రంగు. అసలు రంగేదో తేల్చడానికే నాలుగేళ్లు పట్టింది, ఎందుకంటే ప్రతి సభ్యుడికీ తన ఎనిమిదో ఏట చూసిన రంగే అసలు రంగు. మా అధ్యక్షులు గోర్డన్ స్టాల్ట్జ్ గారు విశ్రాంత దంతవైద్యులు. గుర్రాల పళ్లన్నీ ఆయనే స్వయంగా చెక్కారు. మా గుర్రాలకున్నంత చక్కటి పలువరుస ఇప్పుడు ఊళ్లో మనుషులకు లేదు. ఎత్తుపళ్లున్న రెండింటికి ఆయన తీగ కూడా కట్టారు.

ఇక జీనుల సంగతి. వందేళ్లుగా పిల్లలు కూర్చుని కూర్చుని కొయ్య జీనులు గుంటలు పడిపోయాయి. వాటిని పూడ్చి, నున్నగా చిత్రిక పట్టి, మెరుగు పెట్టాం. ఆ మరుసటి వారం రాజధాని నుంచి వారసత్వ నిపుణురాలు వచ్చి, తెల్లటి చేతి తొడుగులతో ఒక జీను తడిమి, “గుంటలేవండీ?” అని అడిగారు.

పూడ్చేశామని గర్వంగా చెప్పాం.

“ఆ గుంటలే కదండీ చరిత్ర. మిగతాదంతా చెక్కేగా,” అన్నారావిడ. గుంటలు పడేదాకా ప్రభుత్వ వారసత్వ గుర్తింపు ఫలకం ఇవ్వడం కుదరదని రాసిపెట్టి వెళ్లిపోయారు.

చర్చి హాల్లో అత్యవసర సమావేశం జరిగింది. తలా ఒక వంటకం తెచ్చాం. అందులో పదిహేడు బంగాళాదుంప సలాడ్‌లే. ఉలితో గుంటలు తవ్వుదామని ఎవరో అనగానే గోర్డన్ గారు లేచి నిలబడ్డారు.

“మిత్రులారా, ఉలితో చరిత్ర తవ్వలేం. ఎవరు అరగదీశారో వాళ్లే మళ్లీ అరగదీయాలి. ఇప్పటి పిల్లల ప్యాంట్లు సాగుడు ప్యాంట్లు. జారతాయే గానీ అరగదీయవు. ఈ భారం మనమే మోయాలి.”

అంతట, 1965కు పూర్వం ఈ గుర్రాలెక్కినవారు మాత్రమే, గీతలు తేలిన ముతక కార్డురాయ్ ప్యాంట్లు ధరించి, రోజుకు ఆరు గంటలు స్వారీ చేయవలెనని తీర్మానించడమైనది. అలాంటివారు సరిగ్గా నలభై నాలుగు మందిమి తేలాం, మేమే. రెండు వేసవులుగా ఈ కఠోర సేవ చేస్తున్నాం. కొలిచి చూస్తే గుంట వెంట్రుకవాసి పడింది. కొందరు సభ్యులు స్వారీలో కేరింతలు కొడుతున్నది కూడా చారిత్రక వాస్తవికత కోసమే.

దీని వల్ల ఇబ్బంది పడ్డది ఒక్క హేజెల్ బ్రూబేకర్. నలభై ఒక్క ఏళ్లుగా రాట్నం నడిపేది ఆవిడే. ఏటా వేసవి ముగిశాక సెప్టెంబరు మొదటి సోమవారం పార్కు మూసేస్తారు. ఈసారి ఆ మర్నాడే ఆవిడ ఒహాయోలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి, మళ్లీ రాదు.

“ఒక్క చుట్టు పిల్లల్ని ఎక్కించనివ్వు గోర్డన్. వాళ్ల అరుపులు చెవిన పడితే చాలు, వెళ్లిపోతా. మీ మోకాళ్ల చప్పుడు వింటూ పొమ్మంటావా నన్ను?”

“దరఖాస్తు పెట్టు హేజెల్, చూద్దాం.”

“రెండు పెట్టాగా.”

“అవి పరిశీలనలో ఉన్నాయి.”

ఆ సోమవారం రానే వచ్చింది. కంచె బయట వందమంది పిల్లలు వేలాడుతున్నారు. మేం విధి నిర్వహణలో ఉన్నాం. హేజెల్ ఉన్నట్టుండి యంత్రం ఆపేసింది. పైకి లేచిన గుర్రాల మీద సగం మందిమి గాల్లో నిలిచిపోయాం. మిగతా సగానికీ తమంతట తాము దిగడం చేతకాదు. రోజూ మమ్మల్ని దించే ముక్కాలిపీట ఒకటుంది. హేజెల్ దాన్ని తెచ్చి, మా ఎదుటే వేసుకుని, దాని మీద కూర్చుంది.

“హేజెల్, ఆ పీట ఇటు పట్రా,” అన్నారు గోర్డన్ గారు.

“దరఖాస్తు పెట్టు గోర్డన్.”

సభ్యులందరూ హాజరులోనే ఉన్నందున గుర్రాల మీదనే సర్వసభ్య సమావేశం ప్రారంభించాం. నలభై నిమిషాలు వాడిగా చర్చ సాగింది. అధిక సంఖ్యాకులు మధ్యాహ్నం రెండేసి గ్లాసుల నిమ్మరసం తాగి ఉన్న కారణంగా, పిల్లలను అనుమతించు తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

హేజెల్ పీట వేసి మమ్మల్ని దించింది. కంచె తలుపు తీయగానే నలభై నాలుగు మంది పిల్లలు ఎక్కేశారు. రాట్నం తిరిగింది. అరుపులు సరస్సు అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటాయి. హేజెల్ ఒక చేత్తో మీట పట్టుకుని రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్లలో మేం చేసిన మంచిపని ఇదొక్కటే అనిపించింది. అడిగింది ఒక్క చుట్టే అయినా ఆవిడ మూడు చుట్లు తిప్పింది.

“ఇక దిగండర్రా, మిగతావాళ్లు ఎక్కాలి,” అంది హేజెల్.

ఒక్కరూ కదల్లేదు. నా నల్లగుర్రం మీద తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె మెడ కావిలించుకుని కూర్చుంది. కంచె దగ్గర్నుంచి ఐదేళ్లవాడొకడు నా వంతెప్పుడని అడిగాడు. ఆ పిల్ల వాడిని కిందనుంచి పైదాకా జాలిగా చూసింది.

“నీది సాగుడు ప్యాంటురా. గుర్రం పాడైపోద్ది. దరఖాస్తు పెట్టుకో, చూద్దాం.”

హేజెల్ మీట వదిలేసి నా వంక చూసింది. “రెండేళ్లు కంచె అవతల నిలబెట్టి బాగానే చదువు చెప్పారు,” అంది.

ఆ పిల్లను తక్షణం సంఘంలో సభ్యురాలిగా చేర్చుకోవాలని నేను ప్రతిపాదించాను, గోర్డన్ గారు బలపరిచారు. మా వారసత్వానికి ఇక ఏ ఢోకా లేదు.