మారినంత వరకే

ఇంట్లో ఒక ఇంజినీరు ఉంటే ఏ వస్తువూ పాడవదని నమ్మేవాళ్ళు ఇంజినీరును పెళ్ళి చేసుకుని ఉండరు. ఈ ఇంటి ఇల్లాలు చేసుకుంది. ఆమె భర్త కుళాయి బిగిస్తే నీళ్ళు గోడలోంచి వచ్చేవి. కుర్చీ బాగుచేస్తే కూర్చున్నవాళ్ళు నేలమీద తేలేవారు. అయితే అతడిలో ఒక గొప్ప గుణం ఉంది. ఏ తప్పు జరిగినా దానికి కారకులెవరో అతడికి వెంటనే తెలిసిపోయేది. ఆ కారకుడు ఎప్పుడూ అతడు కాదు.

ఆ ఉదయం టిఫిన్ దగ్గర అతడు మహా హుషారుగా ఉన్నాడు. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది, అంటే ఎనిమిదిన్నర. కొడుకు దేనికీ వేళకు తయారవడని అత్తగారు ఇంట్లో ప్రతి గడియారాన్నీ అరగంట ముందుకు తిప్పి ఉంచేది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అందరూ మనసులో అరగంట తీసేసుకునేవారు. అంచేత ఎవరూ దేనికీ వేళకు తయారయ్యేవారు కాదు.

ఉద్యోగం వదిలేసి ఇంట్లోనే సొంతంగా సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టాక అతడికి దొరికిన మొదటి పార్టీ ఒక పళ్ళ డాక్టరమ్మ. పేషెంట్లు ఫోనులో అపాయింట్‌మెంట్ తీసుకునే అప్లికేషన్ కావాలంది. సాయంత్రం అయిదుకు స్వయంగా వచ్చి చూస్తానంది. నచ్చితే పని ఇతడిది. నచ్చకపోతే మళ్ళీ పాత ఆఫీసుకు వెళ్ళి, వదిలేసేటప్పుడు నాలుగు మాటలు అనేసి వచ్చిన మేనేజరుకు నమస్కారం పెట్టాలి.

అప్లికేషన్‌ను అతడు లాప్‌టాప్‌లో రాసేవాడు. అది నడిచేది మాత్రం పెరటి వసారాలో, బట్టలుతికే మెషిన్ పక్కన స్టూలు మీదున్న పాత కంప్యూటర్ మీద. అతడు దాన్ని సర్వర్ అనేవాడు, అత్తగారు డబ్బా అనేది. ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం మార్చినా అప్లికేషన్ మొత్తాన్నీ మళ్ళీ అందులోకి పంపాల్సి వచ్చేది. డబ్బా మూలుగుతూ చాలాసేపు మింగేది. ఇవాళ ఆ బాధ తీరిపోయేలా, మారిన ముక్క మాత్రమే వెళ్ళే ఏర్పాటు చేస్తున్నాడు.

"చెంచా ఒకటి ఎంగిలైందని ఇంట్లో గిన్నెలన్నీ తోముతావా?" అని భార్యను అడిగాడు.

"మీరు తోమితే చెంచా కూడా మిగలదు లెండి."

"అదే చెప్తున్నా. మారినంత వరకే పంపాలి. మొత్తం పంపడమనేది ఇక ఈ ఇంట్లో ఉండదు. అది చేతకానివాళ్ళ పని."

"ఏదో ఒకటి పంపుకోరా," అంది అత్తగారు, "ఆవిడొచ్చే వేళకి ఒంటిమీద చొక్కా ఉండేలా చూసుకో."

ఏర్పాటు పూర్తయింది. నీలం బటన్‌ను ఆకుపచ్చ చేసి మీట నొక్కాడు. రెప్పపాటులో తెరమీద బటన్ ఆకుపచ్చగా మారింది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు.

"బూజు పట్టినట్టుందండీ," అంది ఇల్లాలు.

రంగు కాస్త తగ్గించి మళ్ళీ నొక్కాడు. మారలేదు. ఇంకోసారి నొక్కాడు. బూజు బూజులాగే ఉంది. చెవి రిక్కించి విన్నాడు. వసారాలో బట్టల మెషిన్ తిరుగుతోంది.

"అదీ సంగతి! నువ్వు మెషిన్ వేశావు. కరెంటు చాలక సర్వర్‌కి కళ్ళు తిరుగుతున్నాయి."

"కళ్ళు తిరిగితే పడిపోవాలి కదండీ. ఇది నిలబడే ఉందే?"

అతడు వెంటనే మెషిన్ ఆపించాడు. డబ్బాను హాల్లోకి మోసుకొచ్చి, వైర్లు చిక్కుతీసి, ఆ వైర్ల మీదే ఒకసారి జారి, మళ్ళీ అన్నీ తగిలించేసరికి చాలాసేపు పట్టింది. అప్పుడు రంగు మార్చి నొక్కితే వెంటనే మారింది!

"చూశావా!" అన్నాడు. సబ్బునీళ్ళలో సగం నానిన బట్టల్లో అతడి మంచి చొక్కా కూడా ఉందని చెప్పడానికి ఇల్లాలు నోరు తెరిచింది. ఎందుకులే అని మూసుకుంది.

ఆ ఉత్సాహంలో బటన్‌ను గుండ్రంగా చేశాడు. మారలేదు. ఈసారి అత్తగారి ఫోను దొరికింది. ఆవిడ వీడియోలు చూస్తూ నెట్ అంతా లాగేస్తోందని ఆరోపణ. ఫోను ఆపమంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నీ డబ్బా కంటే నా ఫోను ముందు పుట్టింది. అది తగ్గాలి."

బతిమాలి, బెదిరించి, చివరికి ఫోను ఆపించేసరికి చాలాసేపు వాదన అయింది. తర్వాత నొక్కితే మారింది. ఇక అతడికి అనుమానమే లేదు. ఈ ఇంట్లో అందరూ కలిసి తన సర్వర్ మీద కుట్ర చేస్తున్నారు.

భోజనాలయ్యాక, నాలుగింటికి మరో మార్పు మొరాయిస్తే ఫ్రిజ్ వంతు వచ్చింది. దాని ప్లగ్ పీకి, అందులోంచి కారిన నీళ్ళు తుడిచి, లాప్‌టాప్ ముందు కూర్చుని పేజీలన్నిటిలోనూ డాక్టరమ్మ పేరు పెద్ద అక్షరాల్లోకి మార్చాడు. అన్నీ మారాయి. పేరు మరీ బోర్డంత అయిందని తగ్గించబోతే ఒక్కటీ మారలేదు.

"ఏమండీ, మొత్తం ఒకసారి పంపేయరాదూ?"

"నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను."

అతడు మొదటి పేజీ తెరిచి, పేరుకింద "కనబడుతున్నావా లేదా?" అని రాసి నొక్కాడు. కనబడలేదు. రెండో పేజీలో "నీకు దండం పెడతాను, మారు" అని రాశాడు. మారలేదు. మూడో పేజీలో ఏం రాశాడో ఎవరికీ చెప్పలేదు గానీ, కీబోర్డు చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఎలాగూ కనబడని మాటలు కదా అని చెరిపే శ్రమ కూడా పెట్టుకోలేదు. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

అతడు గబగబా చొక్కా తొడుక్కున్నాడు. ఇల్లాలు దాన్ని చేత్తోనే జాడించి, పిండి, ఇస్త్రీ చేసి ఉంచింది. దాని మీంచి ఇంకా ఆవిరి వస్తోంది.

డాక్టరమ్మ లోపలికి వస్తూనే గోడ వైపు చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, అయిదన్నాను కదూ! అరగంట లేటయ్యానా?"

"లేదమ్మా, సరిగ్గా వేళకే వచ్చావు," అంది అత్తగారు. "ఈ ఇంట్లో గడియారాలన్నీ అరగంట ముందుంటాయి. వీడి కోసమే. అన్నీనూ. ఇదిగో ఈ డబ్బాలో గడియారంతో సహా."

ఇంజినీరు డబ్బా వైపు తిరిగాడు.

"డబ్బాలో ఎవరు మార్చారమ్మా?"

"నువ్వే కదరా! ఆఫీసు మీటింగులకి లేటవుతున్నావని తిడితే నువ్వే తిప్పావు. అది తనంతట తాను సరిచేసుకోకుండా కట్టడి కూడా చేశానన్నావు. నా మాట విన్నది ఆ ఒక్కసారే, నేనెలా మర్చిపోతాను?"

అతడి కళ్ళముందు రోజంతా గిర్రున తిరిగింది. డబ్బా తనకు వచ్చిన ప్రతి పేజీ మీదా తన టైము వేసుకుంటుంది. ఆ టైము అరగంట ముందుది. కాసేపటికి ఇతడు సరైన టైమున్న లాప్‌టాప్‌లో ఏదైనా మార్చి పంపితే, 'నా దగ్గరున్నది దీనికంటే కొత్తది, అక్కర్లేదు' అని తోసేస్తుంది. మెషిన్ ఆపినందుకు కాదు, ఫోను ఆపినందుకు కాదు. వాటితో పోట్లాడేలోగా అరగంట గడిచినందుకే ఆ కాస్తా మారింది.

"ఒక్క నిమిషం మేడమ్!" అంటూ డబ్బా టైము సరిచేశాడు. తర్వాత కాస్త తలవంచుకుని, ఉదయం చేతకానివాళ్ళ పని అన్నదే చేశాడు. మొత్తం పంపాడు. డబ్బా మూలిగింది. ఆ మూలుగు ఆగేదాకా డాక్టరమ్మ కాఫీ తాగింది.

రోజంతా ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా వచ్చాయి. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, తెరమీద ఒక్కో పేజీలో ఉన్నవి కూడబలుక్కుని పైకి చదివింది.

"కనబడుతున్నావా లేదా... నీకు దండం పెడతాను, మారు... ఇంకోసారి మారకపోయావంటే..." అని ఆగింది. "ఒరేయ్, ఇదేమిట్రా? 'పళ్ళు రాలగొడతాను'!"

దానికి సరిగ్గా పైన, ఇప్పుడు పొందిగ్గా తగ్గిన అక్షరాల్లో, డాక్టరమ్మ పేరు.

ఇంజినీరుకు పాత మేనేజరు ముఖం కనబడింది. డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"చెప్పిన వేళకి రాని పేషెంట్లకి ఇదే చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానండీ. కానీ వద్దు, తీసేయండి. నేను చూస్తుండగా."

అతడు ఆ వాక్యం చెరిపి మీట నొక్కాడు. రెప్పపాటులో అదొక్కటే మాయమైంది. మిగతా పేజీల్లోని రెండు వాక్యాలూ అలాగే ఉన్నాయి.

"ఇదేదో బాగుందే! మారినదొక్కటే మారుతోంది," అంది డాక్టరమ్మ. "పని మీకే. వచ్చే వారం నుంచి మొదలుపెట్టండి."

ఆవిడ వెళ్ళిపోయింది. అత్తగారు ఫోను ఆన్ చేసుకుంది. ఇల్లాలు ఫ్రిజ్ ప్లగ్ పెట్టి, వసారాలోకి వెళ్ళి, మిగతా బట్టల మీద మెషిన్ మళ్ళీ తిప్పింది. ఇంజినీరు హాలు మధ్యలో తడిచొక్కాతో నిలబడి, మెషిన్‌నూ ఫోన్‌నూ ఫ్రిజ్‌నూ వరసగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మీరెవరూ ఏం చెయ్యలేదు. తప్పు నాదే," అన్నాడు, అందరికీ వినబడేలా.

ఇల్లాలు గోడ గడియారం వైపు చూసింది. అది ఎంత ముందు నడిచినా, ఆ మాట మాత్రం ఆలస్యంగానే వచ్చింది.