చుట్టం కాని మనిషి కావాలి

పదకొండు గంటలకి ఒక నిమిషం వీడియో తీయాలి, అంతే. దిండ్లమ్మ పొద్దున్న లేస్తూనే వేసుకున్న పథకం అంతకు మించి లేదు. వెనక గది కిటికీ తెరిచేసరికి ఎండ వచ్చి నేలమీద చాపలా పరుచుకుంది. ఏకిన దూది గుట్ట మీదినుంచి నూగు లేచి, ఎటు పోవాలో తేల్చుకోలేక ఆ వెలుగులో నెమ్మదిగా తిరుగుతోంది. ఆ గదిలోకి వచ్చినవాళ్ళు ఎవరైనా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఎందుకని అడిగితే వాళ్ళకీ తెలియదు.

దిండ్లమ్మ అనేది వీధివాళ్ళు పెట్టిన పేరు. మూడు నెలలుగా ఆమె దిండ్లు కుట్టి ఇంటర్నెట్‌లో అమ్ముతోంది. అమ్ముతోంది అనడం కొంచెం పెద్దమాటే. ఇప్పటిదాకా పద్నాలుగు దిండ్లు పోయాయి, పద్నాలుగూ చుట్టాలే కొన్నారు. వాటిలో రెండు తీసుకున్న ఆడపడుచు, "మొహమాటానికి కొన్నాం గానీ, దీన్నీ వ్యాపారం అంటారా?" అని నలుగురిలో అనేసింది. ఆవిడకి బజారులో రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. కౌంటరులో కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. తమ్ముడి పెళ్ళాం కన్నా నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

లాగి లాగి చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మంగళవారం సాయంత్రం అయిదు లోపల చుట్టం కాని మనిషి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, దిండు కొంటే సరే. లేదంటే బుధవారం నుంచి దిండ్లమ్మ కౌంటరులో కూర్చోవాలి, వెనక గది బట్టల మూటలకి గోదాం అయిపోవాలి. ఆ రోజు మంగళవారం. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఆమెకి దొరికింది ఆ గదొక్కటే. 

వ్యాపారంలో ఆమెకి గురువు తమ్ముడు. వేరే ఊళ్ళో ఉండి ఆన్‌లైన్లో ఫోను కవర్లు అమ్ముతాడు. అతని కవర్లు ఎన్ని పోతాయో ఎవరికీ తెలియదు గానీ, చిట్కాలు మాత్రం పుంఖానుపుంఖాలుగా వస్తాయి. దిండ్లమ్మ వాటిని చీటీల మీద రాసి గోడకి గుండుసూదులతో గుచ్చుకుంది. ఫోటో పగటి వెలుతురులో తీయాలి. వస్తువుని వాడుతున్న మనిషిని చూపించాలి. చిరునామా, పనివేళలు దాచకూడదు. కొన్నవాళ్ళ చేత రివ్యూలు రాయించాలి. అడిగినవాళ్ళకి అప్పటికప్పుడు జవాబివ్వాలి, ఆలస్యమైతే కొనేవాడు పక్క కొట్టుకి పోతాడు. న్యాయంగా చెప్పాలంటే వీటిలో చెడ్డ చిట్కా ఒక్కటీ లేదు.

రివ్యూల చిట్కా ముందే పాటించింది. అత్తగారు రాశారు: "మా కోడలు బుద్ధిమంతురాలు. దిండు ఇంకా వాడలేదు." పెదనాన్న రాశారు: "దిండు బాగుంది అమ్మాయీ. నాన్నకి మోకాలి నొప్పి తగ్గిందా?" ఈ రెండూ చదివి ఎవరో కొత్తవాళ్ళు దిండు కొంటారని ఆమె వారం రోజులు ఎదురుచూసింది.

అప్పటికప్పుడు జవాబు చెప్పే చిట్కాకి తమ్ముడే ఒక ఏర్పాటు చేశాడు. ఎవరు ఏం అడిగినా ఫోను తనంతట తానే జవాబిచ్చేస్తుంది: "తప్పకుండా! మీ బుకింగు తీసుకున్నాం. మీ ఇంటికే తెచ్చి ఇస్తాం. మెత్తదనానికి మాదే పూచీ. ఏడు రోజుల్లో నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం."

"ఎవరు ఏం అడిగినా ఇదేనా?" అంది దిండ్లమ్మ అనుమానంగా.

"దిండ్ల కొట్టుకి వచ్చి దిండు గురించి కాక ఇంకేం అడుగుతారక్కా?" అన్నాడు తమ్ముడు.

ఇక మిగిలింది వస్తువుని వాడే మనిషి. దానికి ఇంట్లోనే దిగ్గజం ఉంది. భర్త నీటి మీటర్ల ఆఫీసులో గుమస్తా. ఆయనలో చెప్పుకోదగ్గ ప్రతిభ ఒకటే, నిద్ర. కొత్త దిండు తయారైనప్పుడల్లా దిండ్లమ్మ ఆయన తల కింద పెడుతుంది. అయిదు నిమిషాల్లోపల గురక వస్తే దిండు పాసు. రాకపోతే విప్పి, దూది మళ్ళీ ఏకుతుంది. ఇంత కచ్చితమైన పరీక్ష పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా ఉండదని ఆమె నమ్మకం. ఈ వీడియో కోసం గుమస్తా మేనేజరుకి జ్వరమని చెప్పి సెలవు పెట్టాడు.

తీరా పదకొండు గంటలకి ఆయన చేతులెత్తేశాడు. "పదింటికేగా లేచాను. నిద్రకి కూడా కాస్త వ్యవధి కావాలి కదా. భోజనం అయ్యాక చూద్దాం" అన్నాడు, కళాకారుడి బింకంతో.

అలా పదకొండు కాస్తా రెండయింది. భోంచేసి వచ్చి గుమస్తా పక్కమీద వాలాడు. దిండ్లమ్మ ఫోనుని దూది బస్తాకి ఆనించి, ఎర్ర బొత్తాము నొక్కింది. అది వీడియో తీసే బొత్తాము కాదు, లైవ్ బొత్తాము. తెరమీద ఒక అంకె వచ్చి మెల్లగా పెరుగుతోంది. అయిదు, తొమ్మిది, పదిహేడు. వీడియో ఇంటర్నెట్‌లోకి ఎక్కడానికి చాలాసేపు పడుతుందనీ, నూటికి నూరయ్యేదాకా ఫోను ముట్టుకోవద్దనీ తమ్ముడు చిలక్కి చెప్పినట్టు చెప్పి ఉన్నాడు. ముట్టుకుంటే మళ్ళీ మొదటికి వస్తుందట. మూడో నిమిషంలో గురక మొదలైంది. దిండు పాసు. దిండ్లమ్మ తలుపు దగ్గరగా వేసి, ఉతకాల్సిన దిండు గలీబులూ ఆరబెట్టాల్సిన దూదీ ఎత్తుకుని మేడమీదికి వెళ్ళిపోయింది.

కింద గదిలో ఎండ ఒక జానెడు జరిగింది. కిటికీ తెర ఊగింది. దూది నూగొకటి గుమస్తా మీసాల దాకా వచ్చి, ఊపిరికి వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. ఆయన గురక గరగరమనే రకం కాదు. ఎక్కడో దూరంగా వంతెన మీద రైలు పోతున్నట్టు, పోతూనే ఉన్నట్టు ఉంటుంది. తమ తమ ఫోన్లలో దాన్ని చూడటానికి ముందు చుట్టాలు వచ్చారు. తర్వాత వాళ్ళ స్నేహితులు వచ్చారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకు వచ్చారో, వచ్చి ఎందుకు వెళ్ళలేదో ఎవరూ చెప్పలేరు. మూడింటికి తెరమీద అంకె రెండు వేలు దాటింది.

"మా తమ్ముడు ఆఫీసు ఎగ్గొట్టి పడుకున్నాడేమిటి? ఎవరైనా లేపండి!" అని ఆడపడుచు కొట్టులోంచి కామెంటు పెట్టింది.

"లేపకండి" అని వందమంది జవాబిచ్చారు. "మీరెవరో గానీ మెల్లగా టైపు చెయ్యండి" అని ఒకాయన కోప్పడ్డాడు.

నీటి మీటర్ల ఆఫీసులో మేనేజరు కూడా చూశాడు. దొంగ జ్వరాన్ని సాక్ష్యంతో సహా పట్టుకుందామని ఫోను బల్లమీద నిలబెట్టి, కళ్ళార్పకుండా చూడటం మొదలుపెట్టాడు. పావుగంటకి కళ్ళార్పాడు. తర్వాత తెరవలేదు. సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు చెప్పులు చేత్తో పట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఈలోగా ప్రశ్నలు మొదలయ్యాయి. "ఈయన్ని మా ఇంటికి పంపుతారా? మా ఆవిడకి నెలరోజులుగా కంటిమీద కునుకు లేదు" అని ఒకరు అడిగారు. ఫోను టక్కున చెప్పింది: "తప్పకుండా! మీ బుకింగు తీసుకున్నాం. మీ ఇంటికే తెచ్చి ఇస్తాం. మెత్తదనానికి మాదే పూచీ." ఇంకొకరు శుక్రవారం మధ్యాహ్నానికి అడిగారు. తప్పకుండా అంది ఫోను. మేనేజరు లేచి, మొహం కడుక్కుని, సిగ్గు విడిచి, రేపు పదింటికి తన ఆఫీసుకి పంపగలరా అని అడిగాడు. దానికీ తప్పకుండానే. అది ఎలాగూ గుమస్తా వెళ్ళవలసిన ఆఫీసే.

కామెంట్ల వల్ల లాభం లేదని ఆడపడుచు కొట్టు మూసి స్వయంగా వచ్చింది. తలుపు తోసి, "ఒరేయ్, లే!" అందామని నోరు తెరిచింది. ఆ గదిలో ఆ మాట గట్టిగా రాలేదు. కొట్టులో తెల్లారినప్పటినుంచి నిలబడే ఉందేమో, ఒక్క నిమిషం కూర్చుని లేపుదాంలే అనుకుని దిండ్ల గుట్టకి చేరబడింది. నిద్ర సుఖమెరగదు అంటారు. ఆడపడుచు విషయంలో అది సుఖం కూడా ఎరిగింది. ఆవిడ రాగానే చిరాకుపడిన రెండు వేల మందీ రెండో గురక కూడా కలిసేసరికి క్షమించేశారు.

నాలుగుంపావుకి దిండ్లమ్మ మేడ దిగింది. పక్కమీద భర్త, దిండ్ల మీద ఆడపడుచు, తెరమీద నాలుగు వేల చిల్లర. నూరు కావాల్సిన అంకె నాలుగు వేలెందుకైందా అని ఫోను చేతిలోకి తీసుకుని చూస్తే విషయం బోధపడింది. దాన్ని మళ్ళీ బస్తాకి ఆనించి, భర్త ఫోనులోంచి గబగబా తమ్ముడికి చేసింది.

"అక్కా, బ్రహ్మాండం! అరవై మూడు బుకింగులు!" అన్నాడు తమ్ముడు.

"అరవై మూడూ మీ బావకిరా!"

"దిండుకి ఒక్కటి కూడా లేదా?"

లేదు. ఆమె రెండుసార్లు పైనుంచి కిందికి చదివింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆయన తల కింద ఏముందని అడగలేదు. దిండ్లమ్మ దూదిలో కూర్చుని ఏడ్చింది. మూడు నెలలు దూది ఏకి ఏకి వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. లోకమంతా వచ్చి చూసి, దిండు తప్ప అన్నీ మెచ్చుకుంది.

బెల్లు మోగింది. గుమ్మంలో ఒక పెద్దావిడ, చేతిలో సంచి పట్టుకుని నిలబడి ఉంది. "చిరునామా చూసి వచ్చానమ్మా. నాలుగున్నరకి నేనే వస్తానంటే బుకింగు తీసుకున్నారు. ఆయన తయారేనా?"

"క్షమించండమ్మా. మేం అమ్మేది దిండ్లండీ, మా ఆయన్ని కాదు" అంది దిండ్లమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"దిండ్లు నాకు నాలుగున్నాయమ్మా. లేనిది గురకే." పెద్దావిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. "ముప్ఫై ఏళ్ళు మా ఆయన గురక పెడుతున్నాడని తిట్టాను. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నిద్రెలా పడుతుంది చెప్పు? ఇవాళ మీ ఆయన్ని చూస్తూ కుర్చీలోనే అరగంట పడుకున్నాను."

దిండ్లమ్మ ఆవిడని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. చేతికందిన కొత్త దిండొకటి ఒళ్ళో పెట్టి, చాపమీద కూర్చోబెట్టింది. గది చల్లగా ఉంది. రైలు వంతెన మీద పోతూనే ఉంది. పెద్దావిడ కాసేపు దిండుని చేత్తో నిమిరింది, తర్వాత చెంప ఆనించింది. "మెత్తగా ఉందే. ఎవరు చేశారు?"

"నేనే."

"ఇది నాకిచ్చెయ్ అమ్మా. తీసుకుంటాను."

సరిగ్గా అప్పుడే గుమస్తా పక్కకి తిరిగాడు, గురక ఆగింది. తెరమీది నాలుగు వేల మందీ సినిమా అయిపోయినట్టు లేచి వెళ్ళిపోయారు. ఆడపడుచు కూడా ఉలిక్కిపడి లేచింది. నాలుగు గంటల నలభై ఆరు నిమిషాలు.

"వదినా, అమ్ముడుపోయింది!" అంది దిండ్లమ్మ. "ఈవిడ మనకి ఏమీ కాదు!"

"ఆ మాట నేను చెప్పాలి" అని ఆడపడుచు జుట్టు ముడేసుకుని కూర్చుంది. ప్రపంచంలో ఏ ఇద్దరు మనుషుల మధ్యనైనా చుట్టరికం తీయగల మనిషి ఆవిడ. ఒకసారి రైల్లో టిక్కెట్లు చూసే ఆయన్ని మేనమామ వరస చేసి దిగింది. పెద్దావిడ ఇంటిపేరు అడిగింది. కలవలేదు. పుట్టింటి పేరు అడిగింది. వియ్యంకుల్ని అడిగింది, తోడికోడళ్ళని అడిగింది, తోడికోడళ్ళ అక్కచెల్లెళ్ళని ఎక్కడెక్కడ ఇచ్చారో అడిగింది. నిద్రలేచిన గుమస్తా ఏం జరుగుతోందో తెలియక గోడగడియారం వంక చూస్తున్నాడు. అయిదుకి రెండు నిమిషాలుండగా ఆడపడుచు నుదుటి చెమట తుడుచుకుని, జీవితంలో మొట్టమొదటిసారి, "ఎక్కడా కలవట్లేదు" అని ఒప్పుకుంది.

దిండ్లమ్మకి ఆనందంతో నోటికి వచ్చిన మొదటి మాట నేరుగా గుండెలోంచి వచ్చింది. పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని, "మీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను పిన్నీ" అంది.

"అదిగో!" ఆడపడుచు ఒక్క ఎగురు ఎగిరింది. "పిన్ని అంది! అందరూ విన్నారు. పిన్ని చుట్టమా కాదా?"

"అది ఊరికే పిలుపు, వదినా!"

"ఊరికే పిన్ని ఎక్కడైనా ఉంటుందా? పిన్ని అంటే అమ్మ తర్వాత అమ్మ. ఈ బేరం చెల్లదు. రేపు తొమ్మిదింటికల్లా కొట్టుకి వచ్చెయ్."

గదిలో దూది నూగు తప్ప ఏదీ కదల్లేదు. గడియారం అయిదు కొట్టింది. దిండ్లమ్మ తల వంచుకుంది. ఆడిన మాట తప్పే మనిషి కాదు.

"చుట్టాన్నేనంటావా?" అని మెల్లగా అడిగింది పెద్దావిడ.

"ముమ్మాటికీ" అంది ఆడపడుచు.

"అమ్మ తర్వాత అమ్మనే?"

"సందేహమే లేదు."

పెద్దావిడ దిండు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కాళ్ళు చాపుకుని స్థిరంగా కూర్చుంది. అంతసేపూ లేని పెద్దరికం ఒక్కసారిగా ఆవిడ ముఖంలోకి వచ్చింది. "అయితే పిల్ల తరపు పెద్దదాన్ని నేను. నన్నొక్క మాట అడక్కుండా మా అమ్మాయిని కొట్టులో కూర్చోబెట్టడానికి నువ్వెవరమ్మా? మా పిల్ల ఎక్కడికీ రాదు. ఈ గదిలోనే ఉంటుంది, దిండ్లే కుడుతుంది. వారానికి రెండు మధ్యాహ్నాలు నేనిక్కడికే వచ్చి పడుకుంటాను. ఏం అల్లుడూ, నీకేమైనా అభ్యంతరమా?"

గుమస్తా పక్కమీదే సర్దుకుని కూర్చుని, "లేదండీ అత్తయ్యగారూ" అన్నాడు.

ఆడపడుచు కొట్టు తాళాల కోసం చుట్టూ చూసింది. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. పైగా ఆ పెద్దరికాన్ని పిలిచి పీట వేసి కూర్చోబెట్టింది తనే. కొట్టు తాళాలు తీసుకుని వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర ఆగి, ఇందాక తను చేరబడిన దిండుని ఒక్కసారి నొక్కి చూసి వెళ్ళింది.

ఆ విధంగా పదిహేనో దిండు కూడా చుట్టాలే కొన్నారు.