ఓడ మీద సార్వభౌమాధికారం

ఈ నెల పద్నాలుగో తేదీ ఉదయం పదిన్నరకు మన దేశ సార్వభౌమాధికారాన్ని పునరుద్ధరిస్తామనీ, ఆహ్వానితులు పది గంటలకే వచ్చి కూర్చోవాలనీ విదేశాంగ మంత్రిగారు ప్రకటించారు. ఇన్నాళ్ళూ అది ఎక్కడికి పోయిందని ఒక విలేకరి అడిగాడు. "పోలేదు, రిపేరులో ఉంది" అన్నారు మంత్రిగారు. ఇలాంటి జవాబులు ఆయనకు ఎవరూ రాసివ్వక్కర్లేదు. నేను పదకొండేళ్ళుగా ఆయన స్టెనోని. ఆయన నోటి వెంట వచ్చింది వచ్చినట్టు రాసుకోవడం నా ఉద్యోగం, అర్థం చేసుకోవడం అందులో లేదు.

ఆ రోజు విడుదల కావలసిన పత్రం పేరు "ప్రపంచీకరణ యుగంలో దేశ సార్వభౌమాధికారం: ఇస్లామీయ దృక్పథం". పేరు ముందే అచ్చయింది. లోపల ఏం రాయాలో మాత్రం ఎవరికీ తోచలేదు. మంత్రిగారు కోరింది ఒక్కటే. పెద్ద దేశాలకు ఒళ్ళు మండాలి, మనం కుర్చీలోంచి లేవకూడదు. సెక్రటరీగారు ఆలోచించి, లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మౌలానాగారిని కారు పంపి పిలిపించారు.

"దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలో మన న్యాయవేత్తలు వెయ్యేళ్ళ కిందటే పుస్తకాలు రాశారండీ" అన్నారు మౌలానాగారు. "యుద్ధం, సంధి, రాయబారులు, వ్యాపారులు, అన్నీ ఉన్నాయి. చేసుకున్న ఒప్పందాన్ని నిలబెట్టుకోవాలనేది అందులో మొదటి సూత్రం."

"మొదటిది వద్దు. ఇంకేమున్నాయి?"

"అమాన్ ఉంది. అంటే అభయం. మనలో ఎంత చిన్నవాళ్ళయినా సరే, ఆడైనా మగైనా, ఒక పరదేశికి ‘నీకేం భయం లేదు’ అని మాటిస్తే ఆ మాటకు దేశమంతా కట్టుబడాలి. పాలకుడు కూడా."

"అంటే పెద్ద దేశాల వీసా కంటే మన పౌరుడి నోటి మాట గొప్పదన్నమాట."

"నేను అలా అనలేదు. మీరు అనుకుంటే కాదననూ లేను."

అది నాలుగో క్లాజుగా పత్రంలోకి ఎక్కింది. సభలో మంత్రిగారు ఆ క్లాజు చదివినప్పుడు చప్పట్లు మోగాయి, భోజనాలు సిద్ధమని ప్రకటించినప్పుడు ఇంకా గట్టిగా మోగాయి. సాయంత్రానికి పత్రం గెజెట్‌లో అచ్చయి చట్టమైంది. అంత తొందరగా ఎందుకు అచ్చయిందంటే, దాన్ని ఎవరైనా వాడుకుంటారని ఎవరికీ అనుమానం రాలేదు.

సోమవారం ఉదయం మా అంతస్తు ఊడ్చే పెద్దమ్మ చీపురు బయట గోడకు ఆనించి మంత్రిగారి గదిలోకి వచ్చింది. ఆమెను పెద్దమ్మ అని మంత్రిగారితో సహా అందరూ పిలుస్తారు, అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు.

"ఆ నాలుగో దాని గురించి వచ్చాను బాబూ. ఒకతనికి అభయం ఇచ్చాను" అంది.

తెల్లవారుతూనే రేవు ఆఫీసు ఊడ్చి, తర్వాత మా దగ్గరకు వస్తుందామె. ఆ రేవులో పద్నాలుగు నెలలుగా ఒక ఓడ నిలిచిపోయి ఉంది. ఓడ సొంతదారుది ఒక దేశం, దాని మీద ఎగిరే జెండా ఇంకో దేశానిది, బీమా మూడో దేశంలో, సరుకు నాలుగో దేశానిది. సొంతదారు ఫోనెత్తడం మానేశాక కేసు కోర్టుకెక్కింది. కేసు తేలేదాకా ఓడ మీద ఎవరో ఒకరు ఉండి తీరాలని కోర్టు చెప్పింది. సిబ్బంది చీటీలు వేసుకుంటే ఓడ వంటవాడి పేరు వచ్చింది. మిగతావాళ్ళు ఇళ్ళకు పోయారు. ఇతను ఓడెక్కాక ఇంటి దగ్గర కూతురు పుట్టింది. పిల్లకు పదకొండో నెల. ఆ పిల్లను అతను ఫోన్‌లో చూడటమే కానీ ఎత్తుకున్నది లేదు.

"రోజూ రొట్టె పట్టుకెళ్ళి ఇస్తుంటాను. ‘నీకు దిక్కు నేనున్నాను’ అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. నేనెవరు చెప్పడానికి అని ఊరుకున్నాను. మొన్న మీరు చట్టం చేశారు కదా, ధైర్యం వచ్చి చెప్పేశాను."

"అతను మన మతస్థుడేనా?" అని సెక్రటరీగారు మౌలానాగారికి ఫోన్ చేసి అడిగారు.

"మనవాడైతే అభయం దేనికండీ? అది పరాయివాడి కోసమే" అన్నారాయన.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. "ప్రపంచీకరణ వదిలేసిన మనిషిని మన సంప్రదాయం చేరదీసింది" అన్నారు. నేను రాసుకున్నాను. మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే వాక్యం, ఒక్కదానిలో మాత్రం ‘సంప్రదాయం’ బదులు ‘మంత్రిగారు’ అని పడింది. ఆ పేపర్‌ని ఆయన దాచుకున్నారు.

ఆ వంటవాణ్ణి బయటికి పంపమని సెక్రటరీగారు రేవుకు ఫోన్ చేశారు. కుదరదన్నారు. రేవును తొంభై తొమ్మిదేళ్ళకు తీసుకున్న విదేశీ కంపెనీ ఒప్పందంలో ముప్ఫై ఒకటో క్లాజు ప్రకారం గేటులోంచి ఎవరు రావాలో, ఎవరు పోవాలో కంపెనీ ఇష్టమట.

"ఇంత సిగ్గుమాలిన ఒప్పందం ఎవడు చేశాడు?" అన్నారు మంత్రిగారు.

"రాసింది వాళ్ళు సార్. సంతకం మీది. అప్పుడు మీరు రేవుల మంత్రి."

"భాష బాగుంది కదా అని అడిగాను" అన్నారు మంత్రిగారు.

జెండా దేశం కాన్సులేటుకు ఫోన్ చేస్తే ఫర్నిచర్ షాపువాళ్ళు ఎత్తారు. ఉదయం పదకొండు దాకా అది కాన్సులేటు, తర్వాత సోఫాలు అమ్ముతారు. ఈలోగా మూడు రాయబార కార్యాలయాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఊడ్చేవాళ్ళందరూ పరదేశీయులకు అభయమిస్తూ పోతే ప్రపంచ వ్యవస్థ ఏం కావాలని మూడింటి సారాంశం. మంత్రిగారు మూడూ చదివి, ఫ్యాన్ వేగం పెంచమన్నారు. మధ్యాహ్నానికల్లా పెద్దమ్మకూ మౌలానాగారికీ కబురు వెళ్ళింది.

"నీ మాట నువ్వు వెనక్కి తీసుకో పెద్దమ్మా" అన్నారు మంత్రిగారు మెత్తగా.

"వెనక్కి తీసుకోవడానికి అదేమైనా పక్కింటికిచ్చిన గిన్నెనా బాబూ."

ఉద్యోగం సంగతి ఆలోచించుకోమని సెక్రటరీగారు అన్నారు. ఆలోచించాకే ఇచ్చానంది పెద్దమ్మ. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమె పక్కన నిలబడాలనిపించింది. కుర్చీలోంచి లేవలేదు. మా శాఖలో అది అలవాటు.

అప్పుడు మౌలానాగారు కల్పించుకున్నారు. "ఆమెతో పనేముందండీ? అభయాన్ని పాలకుడు రద్దు చేయొచ్చు."

మంత్రిగారు లేచి వెళ్ళి ఆయన్ని కౌగిలించుకున్నారు.

"కాకపోతే" అన్నారు మౌలానాగారు ఆ కౌగిట్లోంచే, "ముందు ఆ సంగతి అతనికి చెప్పాలి. తర్వాత అతన్ని క్షేమమైన చోటికి మన రక్షణలో చేర్చాలి. చేర్చాకే రద్దు అమలవుతుంది."

"అతనికి క్షేమమైన చోటు ఏది?"

"అతని ఇల్లు."

"అంటే రద్దు చేయాలంటే ఇంటికి పంపాలి. పంపకపోతే?"

"అభయం ఉన్నట్టే."

"అయితే వెంటనే రద్దు చేసేయండి బాబూ, ఆలస్యం దేనికి?" అంది పెద్దమ్మ.

రద్దు ఉత్తర్వు కంపెనీకి పంపించాం. ఏడు నిమిషాల్లో జవాబు వచ్చింది. పరదేశిని లోపలికి రానివ్వడం పెట్టుబడులకు ముప్పు కాబట్టి ఒప్పుకోలేదనీ, పరదేశిని వెళ్ళగొట్టడం మాత్రం ప్రతి దేశానికీ ఉన్న సార్వభౌమ హక్కనీ, దాన్ని కంపెనీ ఎంతో గౌరవిస్తుందనీ రాశారు. ఆ సందర్భానికి ఆరు పాసులు కూడా మంజూరు చేశారు. మంత్రిగారు, సెక్రటరీగారు, మౌలానాగారు, పెద్దమ్మ, ఫోటోగ్రాఫరు, నేను.

వంటవాడు ఉతికిన చొక్కా వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని ఓడ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పద్నాలుగు నెలల్లో రేవు కూలీల దగ్గర మన భాష బాగానే పట్టాడు.

"అభయం ఇచ్చినందుకు చాలా థాంక్స్ సార్" అన్నాడు.

"ఇవ్వడం కాదు, రద్దు చేస్తున్నాం."

"దానికి కూడా థాంక్స్ సార్."

మంత్రిగారు డెక్ మీద నిలబడి ఉత్తర్వు చదివారు. విదేశీ జెండా కింద మన సార్వభౌమాధికారం ఇంత గట్టిగా వినిపించడం నేను మునుపెన్నడూ వినలేదు. తర్వాత ఓడ ముందు భాగాన ఒంటరిగా నిలబడి సముద్రం వైపు చూస్తున్నట్టు ఒక ఫోటో కావాలన్నారు. అది కింద ఒడ్డు మీంచి తీయాలన్నాడు ఫోటోగ్రాఫరు. మిగతావాళ్ళం అడ్డం కాకుండా దిగిపోయాం. ఫోటో అయ్యాక కూడా ఆయన సముద్రాన్ని వదల్లేదు. "మీరు నడుస్తుండండి, నేనిలా చూస్తూ వస్తాను" అని పైనుంచి చెయ్యి ఊపారు.

ఆరు పాసులూ సెక్రటరీగారి చేతిలో ఒకే కట్టగా ఉన్నాయి. గేటు దగ్గర గార్డు పాసులు ఆరు తీసుకున్నాడు, మనుషులను ఆరుగురిని లెక్కపెట్టాడు, గేటెత్తాడు. ఆరో మనిషి వంటవాడని నేను గమనించాను. కానీ నేను రాసుకునేవాణ్ణే, చెప్పేవాణ్ణి కాదు. ఉత్తర్వు ప్రకారం అతన్ని ప్రభుత్వ రక్షణలో పంపాలి కాబట్టి మంత్రిగారి కారులోనే విమానాశ్రయానికి పంపించాం. కారు కదిలేటప్పుడు అతను పెద్దమ్మ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

ఇరవై నిమిషాలకు మంత్రిగారు గేటు దాకా నడిచి వచ్చారు.

"మీ పాసు బయటికి వెళ్ళిపోయింది సార్" అన్నాడు గార్డు.

"నేను ఈ దేశ మంత్రిని."

"అది గేటు అవతల సార్."

"మరి ఇక్కడ నేనెవర్ని?"

గార్డు కంప్యూటర్‌లో చూశాడు. "ఓడ మీద ఒకరుండాలని కోర్టు ఆర్డరుంది సార్. ఒకరున్నట్టే చూపిస్తోంది."

సెక్రటరీగారు కంపెనీకి ఫోన్ చేశారు. పాసు లేకుండా రేవులో దొరికిన స్థానికుడి విషయమైతే విచారణ జరగాలి, పద్నాలుగు పనిదినాలు పడుతుందన్నారు. ప్రధానమంత్రి కార్యాలయానికి చేశారు. ఒప్పందాలను గౌరవించడం మన విధానమనీ, ఈ మధ్యే మా శాఖ పత్రం కూడా విడుదల చేసిందనీ గుర్తు చేశారు. సాయంత్రం నేనే ప్రెస్ నోట్ టైపు చేశాను: "మంత్రిగారు స్వయంగా ఓడపై మకాం వేసి దేశ ప్రయోజనాలను కంటికి రెప్పలా కాపాడుతున్నారు." చదివినవాళ్ళు చలించిపోయారు. సంఘీభావంగా ఇద్దరు సహాయ మంత్రులు ఒడ్డున నిలబడి ఫోటోలు దిగారు, ఓడ మాత్రం ఎక్కలేదు.

మూడో రోజు మేం వెళ్ళేసరికి ఆయన కంచె పట్టుకుని నిలబడి ఉన్నారు. గడ్డం పెరిగింది. పెద్దమ్మ కంచె సందులోంచి రొట్టె అందించి, ఫోన్ తీసి చూపించింది. వంటవాడు ఒళ్ళో పిల్లను కూర్చోబెట్టుకుని ఉన్నాడు. పిల్ల తండ్రిని కాకుండా అతని చొక్కా గుండీని చూస్తోంది. ఆ ఫోటోను నేను రెండుసార్లు చూశాను. మంత్రిగారు కూడా చాలాసేపు చూశారు.

"వీడెంతలో వెళ్ళాడు?"

"ఏడు నిమిషాల్లో అనుమతి వచ్చింది సార్" అన్నారు సెక్రటరీగారు. "పరదేశి కదా."

మంత్రిగారు రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు.

"పెద్దమ్మా, నాకు అభయం ఇస్తావా? వీళ్ళు వెంటనే రద్దు చేస్తారు."

"మీకెందుకు బాబూ. మీ దేశంలోనే ఉన్నారు కదా."

"మన మనిషికి అభయం చెల్లదండీ" అన్నారు మౌలానాగారు. "పుచ్చుకునేవాడు పరదేశి అయి ఉండాలి. ఆ సంగతి అతనే ఒప్పుకుని రాసివ్వాలి."

మంత్రిగారు ఓడ మీది జెండా చూశారు, గేటు మీద కంపెనీ బోర్డు చూశారు, గార్డును చూశారు. "ప్రెస్‌వాళ్ళు ఉన్నారా?" అని అడిగారు. లేరన్నాం. నా ఫైల్లోని ఖాళీ ఫారం అడిగి తీసుకుని, మొదటి గడిలో ‘పరదేశి’ అని గుండ్రటి అక్షరాలతో రాశారు. తర్వాతి గడిలో స్వదేశం పేరు రాయాలి. అక్కడ కలం ఆగింది.

"ఖాళీగా వదిలేస్తే పర్వాలేదా?"

"పర్వాలేదు సార్. కంపెనీవాళ్ళు ఆ గడి చూడరు" అన్నారు సెక్రటరీగారు.

మంత్రిగారు సంతకం చేసి కాగితాన్ని పెద్దమ్మకు ఇచ్చారు. ఆమె దాన్ని నాకు ఇచ్చేసి, కంచెలోంచి చెయ్యి పెట్టి ఆయన తల నిమిరింది.

"బెంగపడకు బాబూ. మా దేశంలో నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"మీ దేశం మేలు మరిచిపోను" అన్నారు మంత్రిగారు.