పది లక్షల మూడు

ఈ రోజుల్లో మనిషి మంచిదైతే చాలదట, నంబరు కూడా మంచిదవ్వాలట. ఈ మహా సత్యాన్ని కనిపెట్టింది పక్కింటి వదిన. కరెంటాఫీసు వరసలో టైలరమ్మ ముందు నిలబడ్డ వెల్డింగాయనకు వారం తిరక్కుండానే కరెంటొచ్చేసిందనీ, ఆయన దరఖాస్తు నంబరు పది లక్షల రెండనీ, "అదృష్టమంటే అదమ్మా, సరిసంఖ్య!" అనీ గోడ మీంచి చెప్పి, టైలరమ్మ కడుపులో నిప్పులు పోసి లోపలికెళ్లిపోయింది.

టైలరమ్మ నంబరు పది లక్షల మూడు. మోకాళ్లు అరిగి మిషను తొక్కలేక మోటారు కొనుక్కుంది, బిగించుకుంది. ఇక లేనిదల్లా కొట్టుకు కరెంటే. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టివ్వకపోతే ఆ పని పై వీధి కొట్టుకు పోతుంది.

ఆ కార్యాలయంలో ముఖం చూసి పని చెయ్యరు. అంతా లెక్కే. దరఖాస్తు నంబరు ఏ కౌంటరు నంబరుతో శేషం లేకుండా భాగింపబడుతుందో, ఫైలు ఆ కౌంటరుది. (శేషం మిగిలిన ఫైలును ముట్టుకున్న గుమాస్తాకు ఉద్యోగం మిగలదు.) ఉన్న కౌంటర్లు ఒకటి, రెండు, మూడు, ఐదు, ఏడు. తక్కినవి దండగని ఒక ఉన్నతస్థాయి సంఘం తేల్చింది.

రెండో కౌంటరు "బేసి" అంది, తలైనా ఎత్తకుండా. మూడో కౌంటరు గుమాస్తా అంకెలన్నీ కూడుతూ కూర్చున్నాడు.

"అందులో కూడటానికేముంది బాబూ, అన్నీ సున్నాలేగా?"

"రూలమ్మా, కూడాలి. నాలుగొచ్చింది. మూడుతో పోదు."

ఐదు దగ్గర మూడు మిగిలింది. ఏడు దగ్గర నాలుగు. ఒకటో కౌంటరు పెద్దసారుది. ఒకటితో పోని నంబరు లోకంలో లేదు గనక ఫైళ్లన్నీ ఆయనవే. అన్నీ ఆయనవే గనక ఆయన ఏదీ చూడడు.

"పోనీ, నాకు వేరే నంబరివ్వండయ్యా."

"ఇవ్వాలంటే పాతది రద్దవ్వాలి. రద్దు చేసే అధికారం దాన్ని భాగించే కౌంటరుకే ఉందమ్మా," అన్నాడు ఏడో కౌంటరు గుమాస్తా.

ఆఖరికి గణిత సలహాదారును పిలిపించారు. వెయ్యి దాకా భాగించి చూస్తే చాలన్నాడాయన. (అలా చాలని చెప్పడానికే ఆయనకు వేరే గది ఉంది.) చూశాడు. ఎక్కడా పోలేదు. ఒకటీ, తానూ తప్ప దాన్ని ఇంకేదీ భాగించలేదనీ, అది ప్రధాన సంఖ్య అనీ ప్రకటించి, పది లక్షల మూడో కౌంటరు కట్టడమే శాశ్వత పరిష్కారమని రాసిచ్చాడు. స్థలం వెతుకుతున్నారు.

ఆ రోజు పెద్దసారు స్వయంగా గదిలోంచి బయటికొచ్చాడు. "ఏడంకెల ప్రధాన సంఖ్యలన్నిట్లోకీ చిన్నది మీదేనమ్మా! ఎవరికీ లొంగని నంబరు. మీరు గర్వపడాలి." సిబ్బందంతా చప్పట్లు కొట్టారు.

టైలరమ్మ బల్ల పట్టుకుని, మూలిగి, లేచి నిలబడింది.

"నా మోకాళ్లూ అంతే బాబూ, ఎవరికీ లొంగట్లా. సోమవారం బడి తెరుస్తున్నారు. మిషను మీరొచ్చి తొక్కుతారా?"